మార్చిన కీలులో మళ్లీ వాపా? ముందు నీటి పరీక్ష, తర్వాతే మందు

మోకాలి గుజ్జు అరిగి నాలుగు అడుగులు కూడా వేయలేని ఎందరో పెద్దలకు కీలు మార్పిడి ఆపరేషన్ మళ్లీ నడకను ఇచ్చింది. ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆదివారం ఆరాధనకు రాలేనివారు ఇప్పుడు చేతికర్రతో తామే మెట్లెక్కి వస్తున్నారు. తుంటి కీలు మార్పించుకున్నవారి సంగతీ ఇంతే. అయితే కీలు మార్పించుకున్న నూరుమందిలో సుమారు ఒకరిద్దరికి ఆ కొత్త కీలులో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆపరేషన్ రెండోసారి చేయించుకున్నవారిలో ఇది ఇంకొంచెం ఎక్కువ. సంఖ్య చిన్నదే కావచ్చు. కాని ఆ ఒక్కరు మన అమ్మో, నాన్నో అయినప్పుడు చిన్నదనిపించదు. త్వరగా కనిపెడితే కీలును కాపాడే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే పెట్టిన కీలునే తీసివేయవలసి రావచ్చు.

కోకాపేట, నార్సింగి, గండిపేట ప్రాంతాల్లో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరకు వచ్చి ఉంటున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆపరేషన్ సొంత ఊరికి దగ్గరి పట్నంలో జరిగి ఉంటుంది. కాగితాలు అక్కడి బీరువాలో ఉంటాయి. ఇక్కడకు వచ్చాక మోకాలు వాస్తే కింద ఉన్న మెడికల్ షాపు నుంచి ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి బిళ్ల తెచ్చి వేయడం జరుగుతుంది. నొప్పి తగ్గుతుంది, నెల తిరగకుండా మళ్లీ వస్తుంది. ఈ మధ్యలో పోయిన కాలమే ఎక్కువ నష్టం చేస్తుంది. కీలులోని నీటిని తీసి చేసే ఒక పరీక్ష ఈ నష్టాన్ని చాలావరకు తప్పించగలదు. అది ఎందుకు, ఎలా చేస్తారో తెలుసుకుందాం.

క్రిములు ఎక్కడి నుంచి వస్తాయి?

క్రిములు రెండు దారుల్లో వస్తాయి. మొదటిది, ఆపరేషన్ సమయంలో లేదా గాయం మానకముందే చర్మం మీది క్రిములు లోపలికి చేరడం. రెండవది, నెలలు లేక సంవత్సరాల తర్వాత రక్తం ద్వారా చేరడం. పుచ్చిన పన్ను, సెగగడ్డ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగరు ఉన్నవారి కాలి పుండు ఇందుకు కారణం కావచ్చు.

తుంటి కీలు మార్పిడికి నేటి రూపం ఇచ్చినది ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రి సర్జన్ సర్ జాన్ చార్న్‌లీ. 1962లో ఆయన లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో కూడిన కీలును అమర్చడం మొదలుపెట్టారు. తొలి రోజుల్లో ఆయన రోగుల్లో నూటికి సుమారు ఏడుగురికి ఇన్‌ఫెక్షన్ వచ్చేది. ఆపరేషన్ థియేటర్‌లోని గాలిని శుభ్రపరచడం, సర్జన్లు ధరించే దుస్తులను మార్చడం వంటి జాగ్రత్తలతో దానిని నూటికి ఒకటికన్నా తక్కువకు తెచ్చారు. నేటి థియేటర్లలో కనిపించే జాగ్రత్తల్లో ఎన్నో ఆ కృషి ఫలితమే.

మామూలు కీలుకూ మార్చిన కీలుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. లోహానికి, ప్లాస్టిక్‌కు రక్తప్రసారం ఉండదు. అక్కడ చేరిన క్రిములు జిగురు పొరను తయారుచేసుకొని దాని కింద దాక్కుంటాయి. వాడని బావి మెట్ల మీద పాకుడు పట్టినట్లే ఇదీ. పైన నీళ్లు పోస్తే పాకుడు పోదు, గీకాలి. అలాగే ఆ పొర కిందికి మందు సరిగా చేరదు. పాతబడే కొద్దీ పొర గట్టిపడుతుంది. అందుకే త్వరగా కనిపెట్టాలని డాక్టర్లు అంతగా చెబుతారు.

ఏ లక్షణాలను గమనించాలి?

కొందరిలో లక్షణాలు స్పష్టంగానే ఉంటాయి. జ్వరం, చలి, కీలు ఎర్రబడటం, వేడిగా ఉండటం, కుట్ల దగ్గర రసి కారడం కనిపిస్తాయి. వీరు ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వస్తారు. కాని మరికొందరిలో ఇన్‌ఫెక్షన్ నెమ్మదిగా ఉంటుంది. జ్వరం ఉండదు. ఆపరేషన్ తర్వాత నొప్పి ఎప్పుడూ పూర్తిగా తగ్గకపోవడం, రాత్రిపూట పడుకున్నా నొప్పి ఉండటం, బాగా వంగిన మోకాలు మళ్లీ బిగుసుకుపోవడం, తుంటి అయితే గజ్జల్లో నొప్పి వీరి లక్షణాలు. "వయసు కదా, ఉంటుందిలే" అని ఇంట్లోవారు సర్దిచెప్పేది ఎక్కువగా ఇటువంటివారికే.

కుట్లు మానిన చోట చిన్న రంధ్రం పడి అప్పుడప్పుడు రసి కారుతుంటే అస్సలు తేలికగా తీసుకోవద్దు. ఆ రంధ్రం లోపలి కీలు వరకు ఉన్నట్లు తేలితే అదొక్కటే ఇన్‌ఫెక్షన్‌కు తగిన రుజువు. అయితే పైకి కారే ఆ రసిని దూది పుల్లతో తీసి పరీక్షకు పంపితే లాభం తక్కువ. చర్మం మీద ఎప్పుడూ ఉండే క్రిములు అందులో పెరిగి, అసలు క్రిమి ఏదో తెలియకుండా చేస్తాయి. కీలు లోపలి నీరే కావాలి.

రక్త పరీక్ష చాలదా?

సాధారణంగా మొదట రక్తంలో ఈఎస్సార్, సీఆర్‌పీ చూస్తారు. ఇవి శరీరంలో ఎక్కడో మంట ఉందని చెబుతాయి గాని ఎక్కడో, దేనివల్లో చెప్పవు. జలుబు చేసినా, కీళ్లవాతం ఉన్నా పెరుగుతాయి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు సీఆర్‌పీ బాగా పెరిగి, తర్వాతి కొన్ని వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. ఈఎస్సార్ తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. తగ్గిన సీఆర్‌పీ మళ్లీ పెరుగుతుంటే అనుమానించాలి. నెమ్మదిగా పెరిగే క్రిములున్నవారిలో ఈ రెండూ మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి "రక్తం బాగుంది, భయం లేదు" అని తేల్చివేయడం సరికాదు.

ఒక సూచన. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు, కొన్ని డెసిలీటరుకు లెక్కకట్టి ఇస్తాయి. లీటరుకు 10 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 1 మిల్లీగ్రామన్నా ఒక్కటే. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనుకునే ముందు ఆ కొలత చూడండి.

నీరు ఎలా తీస్తారు?

మోకాలికైతే ఇది కొద్ది నిమిషాల పని. చర్మాన్ని మందుతో బాగా శుభ్రం చేసి, శుభ్రమైన గుడ్డ కప్పి, సూదితో కీలులోని నీటిని సిరంజిలోకి లాగుతారు. సూది గుచ్చిన నొప్పి ఉంటుంది, భరించగలిగినదే. తుంటి కీలు లోతుగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే తెర మీద గాని అల్ట్రాసౌండ్ సాయంతో గాని సూది ఎక్కడ ఉందో చూసుకుంటూ తీస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

తీసిన నీటిని పంచి వేర్వేరు గొట్టాల్లో పోస్తారు. రక్తకణాల లెక్కకు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో కొంత, క్రిములను పెంచే కల్చర్ పరీక్షకు ప్రత్యేక సీసాల్లో కొంత పంపుతారు. నీరు కొంచెమే వచ్చినప్పుడు దేనికి ఎంత పంపాలో డాక్టరు నిర్ణయిస్తారు.

ల్యాబులో ఏమి చూస్తారు?

మొదటిది తెల్ల రక్తకణాల సంఖ్య. ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. మార్చని, సహజమైన మోకాలిలో చీము పడితే ఈ సంఖ్య మైక్రోలీటరుకు 50,000 దాటడం మామూలు. ఆ లెక్కకు అలవాటు పడిన కంటికి 4,000 చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. కాని మార్చిన కీలులో, ఆపరేషన్ జరిగి కొన్ని నెలలు దాటినవారిలో, 3,000 దాటితేనే ఇన్‌ఫెక్షన్‌ను గట్టిగా అనుమానిస్తారు. ఈ కొలతలు ఎంతోమంది రోగులను పరిశీలించి కట్టినవి. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మార్చిన మోకాళ్లను పరిశీలించి 1,700 దాటినా అనుమానించాలని చూపారు. 2021లో యూరప్ నిపుణుల సంఘం 1,500 నుంచి 3,000 మధ్య ఉంటే అనుమానించాలని, 3,000 దాటితే నిర్ధారణగా తీసుకోవాలని సూచించింది. అందుకే పరీక్ష కాగితం మీద "మార్చిన కీలు" అని రాసి ఉండటం ముఖ్యం.

రెండవది, ఆ కణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం నూటికి ఎన్ని అన్నది. 80 శాతం దాటితే ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గుతుంది. ఆపరేషన్ జరిగిన కొత్తలో గాయం వల్లనే కణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అప్పుడు కొలతలు వేరు. కణాలు 10,000, న్యూట్రోఫిల్స్ 90 శాతం దాటాయా అని చూస్తారు.

మూడవది కల్చర్. ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది చెప్పగలిగేది ఇదే. స్టెఫైలోకాకస్ జాతి క్రిములు ఎక్కువగా కనిపిస్తాయి. చాలా క్రిములు కొద్ది రోజుల్లోనే పెరుగుతాయి. కొన్ని చాలా నెమ్మది. వాటికోసం 14 రోజుల వరకు ఉంచవలసి రావచ్చు. మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకుండా వాపు కొనసాగుతుంటే క్షయ క్రిమి కోసమూ, ఫంగస్ కోసమూ చూడమని అడుగుతారు. క్షయ కల్చర్‌కు వారాలు పడుతుంది.

వీటికి తోడు మరికొన్ని ఉన్నాయి. మూత్ర పరీక్షకు వాడే రంగుల పట్టీ మీద ఒక చుక్క కీలు నీరు వేస్తే, తెల్లకణాలు వదిలే ఒక ఎంజైము వల్ల రెండు నిమిషాల్లో రంగు మారుతుంది. ఖర్చు చాలా తక్కువ. నీటిలో రక్తం కలిసి ఉంటే మాత్రం రంగు సరిగా తెలియదు. ఆల్ఫా డిఫెన్సిన్ అనే పరీక్ష కూడా ఉంది, అయితే అది ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. గౌట్ వంటి జబ్బుల్లో ఏర్పడే స్ఫటికాల కోసం కూడా నీటిని మైక్రోస్కోపు కింద చూస్తారు. అవి కూడా ఇన్‌ఫెక్షన్‌లాగే వాపు తెప్పిస్తాయి.

ఒక్క అంకెతో తీర్పు చెప్పరు

ఈ ఫలితాలన్నిటినీ కలిపి చూస్తారు. 2018లో అంతర్జాతీయ నిపుణులు ఇందుకు మార్కుల పద్ధతి ఒకటి ఇచ్చారు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మోకాలు మార్పించుకొని రెండేళ్లయిన ఒక తల్లికి మూడు నెలలుగా నొప్పి, జ్వరం లేదు. సీఆర్‌పీ లీటరుకు 18 మిల్లీగ్రాములు ఉంది, దీనికి 2 మార్కులు. కీలు నీటిలో తెల్లకణాలు 4,200, దీనికి 3. న్యూట్రోఫిల్స్ 85 శాతం, దీనికి 2. మొత్తం 7. ఆరు గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే ఇన్‌ఫెక్షన్‌గా లెక్క. కల్చర్ రిపోర్టు ఇంకా రాకపోయినా ఆమెకు జబ్బు ఏమిటో తెలిసినట్లే. ఈ మూడు అంకెల్లో ఏ ఒక్కటీ విడిగా చూస్తే భయపెట్టేంత పెద్దది కాదు. మార్కులు మధ్యస్థంగా వస్తే పరీక్షలు మళ్లీ చేస్తారు.

ముందే యాంటీబయాటిక్ వేసుకుంటే?

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. యాంటీబయాటిక్ వేసుకున్న తర్వాత నీరు తీస్తే, క్రిములు సగం చచ్చి, సగం దాక్కొని ఉంటాయి. కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. జబ్బు పోదు, జబ్బు పేరు మాత్రం తెలియకుండా పోతుంది. అప్పుడు డాక్టరు ఊహ మీద ఎక్కువ రకాల మందులు, ఎక్కువ కాలం ఇవ్వవలసి వస్తుంది.

యాంటీబయాటిక్‌ల చరిత్రలో మన తెలుగువారికి గౌరవమైన స్థానం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. అంత కష్టపడి సాధించిన మందులను తలనొప్పి బిళ్లల్లా వాడి మనమే పనిచేయకుండా చేసుకుంటున్నాం. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవాటి వివరాలు దుకాణంలో రాసి ఉంచాలి. అయినా చట్టంకన్నా ఇంటి అలవాటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పటికే మందు వాడుతున్నవారి పరిస్థితి నిలకడగా ఉంటే, డాక్టరు మందు ఆపించి, వీలైతే రెండు వారాలు ఆగి నీరు తీస్తారు. ఇది డాక్టరు నిర్ణయం. ఇది చదివి మీ అంతట మీరు మందు ఆపవద్దు. తీవ్రమైన జ్వరం, చలి, బీపీ పడిపోవడం, మగతగా ఉండటం ఉంటే ఆగకూడదు. వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి. అక్కడ కీలు నీరు, రక్తం పరీక్షకు తీసుకొని ఆ వెంటనే మందు మొదలుపెడతారు.

శాంపిల్ మీ చేతికి ఇస్తే

చాలాచోట్ల శాంపిల్‌ను బయటి ల్యాబుకు తీసుకువెళ్లే పని రోగి వెంట వచ్చినవారి మీదే పడుతుంది. ఆ గొట్టం మీ చేతికి ఇస్తే నేరుగా ల్యాబుకే వెళ్లండి. మధ్యలో భోజనానికి ఆగడం, రేపు ఇద్దామని ఫ్రిజ్‌లో పెట్టడం చేయవద్దు. ఆలస్యమైతే కణాలు చితికిపోతాయి, కొన్ని క్రిములు చచ్చిపోతాయి. గచ్చిబౌలి వైపు సాయంత్రపు ట్రాఫిక్ మీకు తెలిసిందే, కాబట్టి ఉదయమే ఈ పని పెట్టుకోవడం మంచిది. గొట్టం మీద పేరు, ఏ కాలు, తీసిన సమయం ఉన్నాయో చూడండి. కాగితం మీద "మార్చిన కీలు" అనీ, చివరిసారి యాంటీబయాటిక్ ఎప్పుడు వేసుకున్నారో కూడా రాయించండి. కల్చర్‌ను ఎన్ని రోజులు ఉంచాలో రాసి ఉందా అని అడగండి.

ఇన్‌ఫెక్షన్ అని తేలితే

ఆపరేషన్ జరిగిన తొలి వారాల్లో గాని, లక్షణాలు మొదలైన మూడు వారాల లోపు గాని తెలిస్తే, చాలామందిలో కీలును ఉంచి లోపల బాగా కడిగి, ప్లాస్టిక్ భాగాన్ని మార్చి, మందులు ఇస్తారు. ఆలస్యమైతే కీలును తీసివేసి కొత్తది పెట్టాలి. కొందరికి ఇది ఒకే ఆపరేషన్‌లో అవుతుంది. మరికొందరికి రెండు విడతలుగా చేస్తారు. మొదట కీలు తీసి యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మను ఉంచి, ఇన్‌ఫెక్షన్ తగ్గాక కొత్త కీలు అమరుస్తారు. ఎముక సిమెంటులో యాంటీబయాటిక్ కలిపే పద్ధతికి 1970 ప్రాంతంలో జర్మనీలోని హాంబర్గ్‌లో డాక్టర్ బుఖ్‌హోల్జ్ దారి చూపారు. ఆపరేషన్ సమయంలో లోపలి కండను కూడా అయిదారు చోట్ల తీసి కల్చర్‌కు పంపుతారు.

మందులు వారాల తరబడి వాడాలి. ఫ్రాన్స్‌లో జరిగి 2021లో వెలువడిన ఒక పరిశీలనలో, 6 వారాలు మందు వాడినవారిలో నూటికి 18 మందికి ఇన్‌ఫెక్షన్ మిగిలిపోగా, 12 వారాలు వాడినవారిలో 9 మందికి మాత్రమే మిగిలింది. నొప్పి తగ్గిందని మధ్యలో మానితే ఏమవుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఇంకొక ఊరట కలిగించే సంగతి. 2019లో ఇంగ్లండ్ నుంచి వెలువడిన పరిశీలనలో, తొలి రోజుల తర్వాత సరైన బిళ్లలు వాడినా ఎముకలు, కీళ్ల ఇన్‌ఫెక్షన్ ఇంజెక్షన్లకు తీసిపోకుండా తగ్గింది. సరైన బిళ్ల ఏదో చెప్పేది మళ్లీ ఆ కల్చర్ రిపోర్టే.

మీ ప్రశ్నలకు జవాబులు

ప్ర: నీరు తీస్తే కొత్తగా చీము పడుతుందంటారు. నిజమేనా?
జ: పూర్తి శుభ్రతతో తీస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. తీయకుండా ఊరుకోవడం వల్ల వచ్చే నష్టం దానికన్నా ఎంతో ఎక్కువ. అయితే ఈ పని ఇంటి దగ్గర క్లినిక్‌లో కాక, మార్చిన కీళ్లు చూసే ఎముకల డాక్టరు దగ్గరే చేయించుకోండి.

ప్ర: సూది గుచ్చినా నీరు రాలేదు. అంటే ఇన్‌ఫెక్షన్ లేనట్లేనా?
జ: కాదు. పరీక్ష జరగలేదని మాత్రమే అర్థం. కొద్ది రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించడమో, లోపలి కండ ముక్క తీసి పరీక్షించడమో చేస్తారు.

ప్ర: కల్చర్‌లో ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. నిశ్చింతగా ఉండవచ్చా?
జ: కణాల లెక్క కూడా మామూలుగా ఉంటే ధైర్యంగా ఉండవచ్చు. కణాలు ఎక్కువగా ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఇన్‌ఫెక్షన్ లేదని అనలేం. ముందు వాడిన మందు, నెమ్మదిగా పెరిగే క్రిమి కారణం కావచ్చు.

ప్ర: పన్ను తీయించుకోవాలి. ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలా?
జ: అందరికీ అవసరం లేదు. మీ కీలు సంగతి పళ్ల డాక్టరుకు చెప్పండి. మీ ఎముకల డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. పుచ్చిన పన్నును అలాగే వదిలేయడం మాత్రం మంచిది కాదు.

ప్ర: నాన్నగారికి షుగరు ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
జ: షుగరు అదుపులో ఉంచడమే పెద్ద జాగ్రత్త. రోజూ పాదాలు చూడండి. చిన్న పుండు, గోరు పక్క చీము, మూత్రంలో మంట ఉంటే వెంటనే చూపించండి.

గుర్తుంచుకోండి

మార్చిన కీలులో కొత్తగా వాపు గాని, నొప్పి గాని, రసి గాని కనిపిస్తే ముందు డాక్టరుకు చూపించండి, మందు తర్వాత.

డాక్టరు దగ్గరకు వెళ్లగానే "ఈ కీలు మార్చినది" అని చెప్పండి. ఏ మందులు, ఎప్పటి నుంచి వాడారో దాచకుండా చెప్పండి.

డిశ్చార్జి కాగితం, కీలు కంపెనీ, సైజు రాసి ఉన్న స్టిక్కరు ఊళ్లో ఉంటే ఈ వారమే ఫోటో తీసి పంపమనండి. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఏ భాగం తెప్పించాలో ఆ స్టిక్కరు చెబుతుంది.

నీటి పరీక్ష రిపోర్టు, కల్చర్ రిపోర్టు రెండూ జాగ్రత్తగా దాచుకోండి. ఏ ఊరు వెళ్లినా వాటి నకలు వెంట ఉంచుకోండి.